బట్టమేక పిట్ట, ఇ.కోలై: ఒక్క గుడ్డు లెక్క, వెయ్యి కోట్ల లెక్క

(కర్నూలులో జీవశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట రెండు ప్రాణుల్ని పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. ఒకటి బట్టమేక పిట్ట, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. కర్నూలు నుంచి నందికొట్కూరు వైపు పోతే గంటన్నర లోపే రోళ్లపాడు బీళ్లు వస్తాయి. ఆ పిట్ట కోసమే 1988లో ఆ బీళ్లను అభయారణ్యం చేశారు. 2022లో జిల్లాలు విడగొట్టాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది గాని, కర్నూలువాళ్ల నోట ఇంకా మన రోళ్లపాడే. రెండోది ఇ.కోలై అనే బ్యాక్టీరియా. దాన్ని చూడాలంటే బస్సెక్కే పనిలేదు. ఈ హాల్లో కూచున్న దాదాపు ప్రతి ఒక్కరి పేగులోనూ ఉంది. థియోడర్ ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు 1885లో పసిబిడ్డల మలంలో దాన్ని గుర్తించాడు. ఆయన పేరే దానికి ఇంటిపేరైంది.

మైక్రోబయాలజీ వాళ్లు ఒక గదిలో, జువాలజీ వాళ్లు ఇంకో గదిలో చదువుకుంటారు కాబట్టి ఈ రెండిటినీ కలిపి ఆలోచించే అవకాశం మీకు తక్కువ. రెండిట్లోనూ ఉన్నది అదే డీఎన్ఏ. మూడు అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం అనే సంకేత భాష కూడా అదే. కానీ వంశం నిలబెట్టుకునే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి ఒకదాని లెక్క ఇంకోదానికి ఏమాత్రం సరిపోదు. ఏ ప్రాణి ఎంత నష్టం తట్టుకోగలదు, ఎక్కడ తట్టుకోలేదు? ఈ పూట నేను పట్టుకున్న ప్రశ్న ఇదొక్కటే. దాన్ని పట్టించుకోకపోతే బట్టమేకను కాపాడేటప్పుడు బ్యాక్టీరియా లెక్క వేసి మోసపోతాం.

ముందు కొలతలు. ఇ.కోలై పొడవు సుమారు 2 మైక్రాన్లు. ఐదువందలు వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. పది లక్షల కణాలు కలిసి తూగితే గ్రాములో పదిలక్షల వంతు. మగ బట్టమేక మీటరు ఎత్తుంటుంది, ఎనిమిది నుంచి పద్నాలుగు కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షుల్లో ఇంత బరువున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెట్ట అందులో సగం ఉంటుంది. పది కిలోల పిట్ట బరువుకు ఎన్ని ఇ.కోలై కావాలంటే, కోటి కోట్లు, దానికి మళ్లీ వంద రెట్లు.

కొలత కన్నా పెద్ద తేడా కాలంలో ఉంది. మంచి ఆహారం, 37 డిగ్రీల వేడి దొరికితే ఇ.కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుదాం. దాని డీఎన్ఏలో 46 లక్షల అక్షరాలున్నాయి. నకలు తీసే యంత్రాలు రెండు, ఒకే చోట మొదలై చెరో దిక్కుకు పోతాయి. ఒక్కోటి సెకనుకు సుమారు వెయ్యి అక్షరాలు రాస్తుంది. అంటే మొత్తం నకలు పూర్తి కావడానికి 40 నిమిషాలు. తర్వాత కణం రెండుగా చీలడానికి ఇంకో 20. గంట పట్టే పని 20 నిమిషాల్లో ఎట్లా అవుతుంది? మొదటి నకలు సగంలో ఉండగానే రెండో నకలు, దాని మీద మూడోది మొదలవుతాయి. మనవరాలికి అందాల్సిన నకలు అమ్మమ్మ కణంలోనే మొదలై ఉంటుంది. పరీక్షలో జంటకాలం, అంటే ఒకటి రెండయ్యే కాలం, 20 నిమిషాలని రాసి వదిలేస్తారు గాని, అందం అంతా ఈ అల్లికలో ఉంది.

ఇదే వేగం రోజంతా సాగితే ఒక్క కణం 24 గంటల్లో 72 సార్లు రెట్టింపై 4,700 టన్నులు కావాలి. కాదు, ఎందుకంటే తిండి అయిపోతుంది. ఎల్‌బీ ద్రావణంలో, అంటే లీటరుకు 10 గ్రాముల ట్రిప్టోన్, 5 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 10 గ్రాముల ఉప్పు వేసి 121 డిగ్రీల దగ్గర 15, 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసినదాంట్లో, అంటే ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపినదాంట్లో, మిల్లీలీటరుకు రెండు మూడు వందల కోట్ల కణాల దగ్గర ఆగిపోతుంది. మన పేగులో అయితే 20 నిమిషాల వేగం ఎప్పుడూ ఉండదు, రెట్టింపు కావడానికి గంటలు పడుతుంది. 20 నిమిషాలనేది ప్రయోగశాలలో విందు భోజనం పెట్టినప్పటి మాట.

ఈ లెక్కను మీ ల్యాబులోనే రుజువు చేసుకోండి. రాత్రంతా పెరిగిన ద్రావణం 0.1 మి.లీ. తీసి 0.9 మి.లీ. శుభ్రమైన ఉప్పునీళ్లలో కలపండి. అది పదో వంతు. దాన్నుంచి మళ్లీ 0.1 తీసి ఇంకో 0.9లో. ఇట్లా ఆరుసార్లు. చివరి గొట్టంలోది 0.1 మి.లీ. అగర్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద పరిచి, ప్లేటు తలకిందులుగా పెట్టి రాత్రి వదిలేయండి. ఒక్కో కణం పెరిగి కంటికి కనబడే ఒక్కో చుక్క అవుతుంది. తెల్లారి రెండొందల చుక్కలు వస్తే, మొదటి ద్రావణంలో మిల్లీలీటరుకు రెండొందల కోట్లున్నట్టు. చుక్కలు ముప్పైకి తక్కువైనా మూడొందలు దాటినా ఆ ప్లేటును లెక్కలోకి తీసుకోవద్దు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఒకే పిపెట్టు టిప్పుతో ఆరు గొట్టాలూ నడిపిస్తారు. టిప్పు లోపల అంటుకున్న చిక్కటి ద్రావణం కిందికి మోసుకుపోయి లెక్క పెరుగుతుంది. పరిచే గాజుకడ్డీని మంటలో కాల్చి చల్లారకముందే పెడతారు, కణాలు చస్తాయి, లెక్క తగ్గుతుంది. ప్లేటు తడిగా ఉంటే చుక్కలన్నీ కలిసి ఒకటే పొరైపోతుంది. ఇక మన ఊరికే ఉన్న ఇబ్బంది ఇంకొకటి. మామూలు ఇంక్యుబేటరుకు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలీదు. మే నెలలో ఏసీ లేని గదిలో 40 దాటితే మీరు బటన్ మీద 37 పెట్టినా లోపల 37 ఉండదు. ఇ.కోలై 42 దగ్గర కూడా పెరుగుతుంది కాబట్టి ప్లేటు మీద చుక్కలొస్తాయి, తప్పు జరిగినట్టే తెలీదు. కానీ మీరు గీసిన జంటకాలం గీత 37ది కాదు. 46కు దగ్గరైతే పెరుగుదలే ఆగిపోతుంది. వేసవిలో ఈ ప్రయోగానికి చల్లబరిచే ఏర్పాటున్న బీఓడీ ఇంక్యుబేటరే వాడండి, లోపల విడిగా ఒక థర్మామీటరు పెట్టి చూడండి.

ఇప్పుడు బీడు మీదికి వద్దాం. బట్టమేక పెట్ట మూడు నాలుగేళ్లకు గాని గుడ్డు పెట్టదు. మగపిట్టకు ఇంకో ఏడాదో రెండేళ్లో ఎక్కువే పడుతుంది. పెట్ట ఏడాదికి పెట్టేది ఒకటే గుడ్డు, రెండు పెట్టడం చాలా అరుదు. గూడంటూ ఏమీ ఉండదు, నేల మీద చిన్న గుంట. సుమారు 27 రోజులు పెట్ట ఒక్కతే పొదుగుతుంది. మగపిట్ట గొంతు సంచి ఉబ్బించి, తోక ఎత్తి, దూరానికి వినబడేట్టు మూలిగి పెట్టలను పిలవడం వరకే. పొదగడంలో గాని, పిల్లను సాకడంలో గాని దానికి వాటా లేదు. పుట్టిన పిల్ల దాదాపు మళ్లీ గుడ్ల కాలం వచ్చేదాకా తల్లి వెంటే తిరుగుతుంది.

బోర్డు మీద ఒక లెక్క వేద్దాం. ఇవి ఏ బీట్లోనో కొలిచిన అంకెలు కావు, లెక్క నడక తెలియడానికి నేను వేసుకున్నవి. 50 పెద్ద పెట్టలున్నాయనుకోండి. ఒక వానాకాలంలో 40 గుడ్లు పెట్టాయి. కుక్కలు, నక్కలు, పశువుల డెక్కలు పోగా 20 పిల్లలయ్యాయి. ఏడాది నిండేసరికి 10 మిగిలాయి. అందులో పెట్టలు 5. అవి గుడ్డు పెట్టే వయసుకు వచ్చేసరికి 4. అంటే ఆ 50 పెట్టల గుంపులోకి ఏటా కొత్తగా వచ్చేవి నాలుగే. ఏడాదికి చచ్చేవి నాలుగు లోపుంటే గుంపు నిలుస్తుంది. ముసలితనం, రోగం, నక్క కలిపి మూడు పోతాయనుకుంటే, మనిషి వల్ల పోవడానికి మిగిలిన వెసులుబాటు ఏడాదికి ఒక్క పెట్ట. రెండో పెట్ట ఒక కరెంటు తీగకు తగిలిందంటే గుంపు తగ్గడం మొదలైనట్టే.

ఇ.కోలై గొట్టంలో మందు వేసి వెయ్యిలో 999 చంపండి. మిగిలిన ఒక్కటీ పదిసార్లు రెట్టింపైతే 1,024. తిండి ఉంటే మూడు గంటల ఇరవై నిమిషాల పని. బట్టమేకల్లో నూటికి పది పోతేనే కోలుకోవడానికి ఏళ్లు కావాలి. అవి కూడా ఇంకేమీ చెడకుండా ఉంటేనే.

చాలామంది అనే మాటొకటి ఉంది: గుడ్లు పోతే మళ్లీ పెడతాయిలే అని. గుడ్డు త్వరగా పోతే పెట్ట కొన్నిసార్లు మళ్లీ పెడుతుంది, నిజమే. పై లెక్కలో అట్లా ఇంకో పది గుడ్లు వచ్చాయనుకోండి. అదే వడపోత గుండా దింపితే చివరికి పెరిగేది ఒక్క పెట్ట, అదీ మూడు నాలుగేళ్ల తర్వాత. అదే ఈ ఏడు రెండు పెద్ద పెట్టలు చావకుండా ఆపితే, వచ్చే వానాకాలానికే రెండు గుడ్లు. నిదానంగా పిల్లల్ని కనే ప్రాణికి గుడ్డు వడ్డీ, బతికున్న పెద్ద పెట్ట అసలు. అసలు కరిగిపోతుంటే వడ్డీ చూసుకుని సంబరపడి ఏం లాభం?

తలలు లెక్కపెట్టడంతోనూ అయిపోదు. కొద్దిమంది మగపిట్టలే ఎక్కువ పెట్టలతో జతకడతాయి. 60 పెట్టలు, జతకట్టే మగవి 5 అనుకోండి. జన్యువుల లెక్కలో అసలు సంఖ్యకు సూత్రం మీకు తెలుసు: ఆడ, మగ సంఖ్యల్ని గుణించి, నాలుగుతో హెచ్చించి, వాటి మొత్తంతో భాగించాలి. 4 గుణించు 60 గుణించు 5 అంటే 1,200. దాన్ని 65తో భాగిస్తే 18న్నర. కళ్లకు 65 పిట్టలు కనబడుతున్నా, జన్యు వైవిధ్యం 18 పిట్టల గుంపులో పోయినట్టే పోతుంది, తరానికి నూటికి 2.7 వంతుల చొప్పున. దేశం మొత్తం మీద బీళ్లలో మిగిలినవి సుమారు నూటయాభైయేననీ, అవి కూడా ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలోనేననీ గుర్తుంచుకుని ఈ అంకెను చూడండి.

పోయిన వైవిధ్యం కొత్త మార్పుల వల్ల తిరిగి రాదా? ఇక్కడ చాలామంది పొరపడతారు. బ్యాక్టీరియా అజాగ్రత్తగా నకలు తీస్తుంది కాబట్టే త్వరగా మారుతుందనుకుంటారు. నిజానికి నకలు తీయడంలో దానికన్నా జాగ్రత్తపరులు అరుదు. వెయ్యి కణాలు పుడితే వాటన్నిట్లో కలిపి పడే కొత్త తప్పు సుమారు ఒకటి. పక్షుల్లో, ఫ్లైక్యాచర్ పిట్టల్లో కొలిచిన రేటును బట్టి, 110 కోట్ల అక్షరాల పుస్తకం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంటే, ఒక్కో గుడ్డులో పది కొత్త తప్పులుంటాయి. తరానికి చూస్తే పక్షిలోనే ఎక్కువ. కానీ సంఖ్య చూడండి. 5 మి.లీ. గొట్టంలో రాత్రి పెరిగేవి వెయ్యి కోట్ల కణాలు. వెయ్యికొకటి చొప్పున కోటి కొత్త మార్పులు. పుస్తకంలో ఉన్నవే 46 లక్షల అక్షరాలు. అంటే తెల్లారేసరికి సగటున ప్రతి అక్షరమూ ఎక్కడో ఒక కణంలో రెండుసార్లు మారి ఉంటుంది. మందును తట్టుకునే మార్పు ఒక్క అక్షరంతో వచ్చేదైతే, మీరు మందు వేయకముందే అది ఆ గొట్టంలో ఉంది. లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు 1943లో, మందుకు బదులు బ్యాక్టీరియాను చంపే వైరస్‌తో, చూపించింది ఇదే: మార్పు ముందే ఉంటుంది, మందు దాన్ని ఏరి బయటపెడుతుందంతే. బట్టమేకకు ఏడాదికి 50 గుడ్లు పుట్టాయనుకుంటే, 110 కోట్ల అక్షరాల్లో 500 మార్పులు. వాటిలో పనికొచ్చేది ఎప్పటికి పడాలి? మన జీవితకాలంలో ఆ పిట్ట కొత్తగా దేన్నీ నేర్చుకుని తట్టుకోలేదు. దాని దగ్గర ఉన్నది పాత నిల్వే.

1988 అన్నాను గదా. అదే ఏడాది ఫిబ్రవరి 24న అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 12 ఫ్లాస్కుల్లో ఇ.కోలై పెంచడం మొదలుపెట్టాడు. రోజూ 0.1 మి.లీ. తీసి 9.9 మి.లీ. కొత్త ద్రావణంలో వేస్తారు. నూరు రెట్లు పలచనైంది మళ్లీ నిండాలంటే ఆరున్నర తరాలకు కొంచెం పైన కావాలి. రోజుకు ఆరున్నర తరాలు, 75 రోజులకు 500. ప్రతి 500 తరాలకూ కొంత తీసి గ్లిసరాల్ కలిపి సున్నాకు 80 డిగ్రీల కింద దాస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ముత్తాతను నిద్రలేపి మునిమనవడితో పోటీ పెట్టొచ్చు. సుమారు 31,500 తరాల దగ్గర పన్నెండులో ఒక్క ఫ్లాస్కు, ఆక్సిజన్ ఉన్నచోట సిట్రేటు అనే పదార్థాన్ని తినడం నేర్చింది. ఇ.కోలైకి మామూలుగా చేతకాని పని అది. తరాల సంఖ్య 75 వేలు దాటింది. బట్టమేకకు ఒక తరమంటే సుమారు 16 ఏళ్లు. రోళ్లపాడుకు బోర్డు పెట్టినప్పటి నుంచి ఇప్పటికి ఆ పిట్టకు మూడు తరాలు కూడా నిండలేదు.

జాతి అనే మాట కూడా ఈ రెండిటికీ ఒకటి కాదు. రెండు బట్టమేకల మధ్య జన్యువుల జాబితాలో తేడా ఉండదు, అక్షరాల్లోనే కొద్ది తేడా. ఇ.కోలైలో ల్యాబులో వాడే కే-12 రకాన్ని 1997లోనూ, రక్త విరేచనాలు తెచ్చే ఓ157 రకాన్ని 2001లోనూ పూర్తిగా చదివారు. రెండో దాంట్లో మొదటిదానిలో లేని జన్యువులు 1,387. పేరు ఒకటే! ప్లాస్మిడ్ల ద్వారా, అంటే కణం నుంచి కణానికి పోగల చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా, పక్కింటి నుంచి కూడా జన్యువులు తెచ్చుకుంటుంది కాబట్టి ఇట్లా. పక్షికి అమ్మానాన్న ఇచ్చిందే ఆస్తి.

ఇప్పటిదాకా రెండూ వేరువేరుగా చూశాం. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడే చోటు ఒకటుంది, అది గుడ్డు. బట్టమేక గుడ్డును కోసి చూసే హక్కు ఎవరికీ లేదు కాబట్టి కోడిగుడ్డు మీద తెలిసింది చెప్తాను. హ్యాచరీల్లో పనిచేయబోయేవాళ్లు దీన్ని శ్రద్ధగా వినండి.

పెంకు గట్టి గోడలా కనబడుతుంది గాని దానికి వేల రంధ్రాలు. కోడిగుడ్డుకు ఏడు వేల నుంచి పదిహేడు వేల దాకా ఉంటాయి. పిండం ఊపిరి పీల్చుకోవాలంటే అవి తప్పవు. వాటి నోళ్లు మూస్తూ పైన సన్నని పొర ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దినా, గట్టిగా కడిగినా ఆ పొర పోతుంది. లోపల రెండు పొరలు. తర్వాత తెల్లసొన. తెల్లసొనను తిండిగా చూస్తారు గాని, అది సూక్ష్మజీవులకు ఎడారి. గుడ్డు పెట్టాక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేకొద్దీ దాని పీహెచ్ 7.6 నుంచి 9 దాటుతుంది. అందులోని లైసోజైమ్ అనే ప్రొటీను బ్యాక్టీరియా గోడను కోస్తుంది, కానీ ఇ.కోలైకి బయట ఇంకో పొర ఉంది కాబట్టి దాని మీద లైసోజైమ్ ఒక్కదానికే బలం చాలదు. అసలు కాపలాదారు ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ఇంకో ప్రొటీను. ఉన్న కాస్త ఇనుమునూ అది గట్టిగా పట్టేసుకుంటుంది. ఇనుము లేక బ్యాక్టీరియా పెరగదు. దానికి జవాబుగా ఇ.కోలై ఎంటెరోబాక్టిన్ అనే గాలాన్ని విసురుతుంది, ఇనుమును అంతకన్నా గట్టిగా పట్టే గాలం. ఈ పోటీలో తెల్లసొన గెలిచినన్నాళ్లు పిండం క్షేమం. పచ్చసొనలో మాత్రం తిండికి కొదవలేదు, అక్కడికి చేరితే ఆపేది తక్కువ.

గుడ్డు లోపలికి బ్యాక్టీరియా ఎప్పుడు పోతుంది? ఎక్కువగా చల్లబడేటప్పుడు. పెట్ట ఒంట్లో 40, 41 డిగ్రీల దగ్గరున్న గుడ్డు బయటికి రాగానే లోపలి పదార్థం కుదించుకుపోతుంది, రంధ్రాల గుండా గాలి లోపలికి లాగుతుంది. ఆ క్షణాన పెంకు తడిగా, రెట్టతో ఉంటే తడితోపాటు కణాలూ లోపలికి పోతాయి. అందుకే గుడ్డును చల్లటి నీళ్లతో కడగడమంత పొరపాటు ఇంకోటి లేదు. తప్పక కడగాల్సి వస్తే నీళ్లు గుడ్డుకన్నా కనీసం పదకొండు డిగ్రీలు వెచ్చగా ఉండాలి. అప్పుడు లోపలి పదార్థం వ్యాకోచించి బయటికి తోస్తుంది. కడగకుండా పొడిగా ఉంచగలిగితే అన్నిటికన్నా మేలు. ఇంకో పొరపాటు, 16 డిగ్రీల గదిలో నిల్వ ఉన్న గుడ్లను నేరుగా తీసుకొచ్చి వానాకాలపు ఉక్క గదిలో పెట్టడం. గుడ్డుకు చెమట పడుతుంది. ఆ చెమట చుక్క రంధ్రం మీద నిలిస్తే దారి వేసినట్టే. మధ్యలో ఒక మోస్తరు గదిలో కొన్ని గంటలు ఉంచి, పొడిగా ఉన్నప్పుడే పొదిగే మిషన్లో పెట్టాలి.

పొదిగే మిషన్ 37.5 డిగ్రీలు. ఇ.కోలైకి ఇష్టమైంది 37. మైక్రోబయాలజీ గదిలో పెట్టెకూ హ్యాచరీలో పెట్టెకూ పేరు కూడా ఒకటే, ఇంక్యుబేటర్. పిల్లను పొదిగే వేడే బ్యాక్టీరియాను కూడా పొదుగుతుంది. కాబట్టి మిషన్లో పెట్టాక శుభ్రం చేద్దామంటే ఆలస్యమైనట్టే, పెట్టకముందే గుడ్డు శుభ్రంగా ఉండాలి.

తేమ దగ్గర జరిగే తప్పు ఇంకా సూక్ష్మం. పిల్ల బయటికి వచ్చేలోపు గుడ్డు బరువులో నూటికి 12, 13 వంతులు నీరుగా పోవాలి. వారానికి రెండుసార్లు తూకం వేసి రాసుకుంటే గీత సరిగ్గా పోతోందో లేదో తెలుస్తుంది. తేమ ఎక్కువై నీరు పోకపోతే గాలి గది చిన్నదవుతుంది, పిల్ల ఒళ్లు ఉబ్బి ఉంటుంది, పచ్చసొన సంచిని పొట్టలోకి పూర్తిగా లాక్కోలేదు, బొడ్డు మూసుకోదు. మూసుకోని బొడ్డు ఇ.కోలైకి తలుపు. పొట్ట మెత్తగా ఉబ్బి, బొడ్డు తడిగా, వాసన వేస్తూ పిల్ల మొదటి వారంలోనే చస్తుంది. కోసి చూస్తే పచ్చసొన కరగకుండా నీళ్లలా ఉంటుంది. అందరూ రోగం వచ్చిందంటారు. ఆ రోగం మూడు వారాల ముందు తేమ మీటరు దగ్గర మొదలైంది. దీనికి మందుగా నీళ్లలో రోజూ యాంటీబయాటిక్ కలపడం ఇందాక చెప్పిన కోటి మార్పుల గొట్టానికి జల్లెడ పట్టడమే. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా 2019లో మన ప్రభుత్వం నిషేధించింది కూడా ఇందుకే.

కోళ్ల హ్యాచరీలో నూటికి ఐదు పిల్లలు పోతే నష్టం రాసుకుని ముందుకు పోతారు. జైసల్మేర్ దగ్గర బట్టమేక గుడ్లు పొదిగే కేంద్రంలో ఒక గుడ్డంటే ఒక పెట్ట ఏడాది కష్టం. అక్కడ 2019 నుంచి బీళ్లలో గుడ్లు సేకరించి మిషన్లో పొదిగి పిల్లల్ని పెంచుతున్నారు, 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో కూడా ఒక పిల్ల పుట్టింది. తేమ, తూకం, శుభ్రం, ఇవన్నీ అక్కడ ప్రతి గుడ్డుకూ విడివిడిగా చూసుకోవాల్సిందే.

చివరిగా తీగల మాట. బట్టమేక తల నిర్మాణమే వేరు. దానికి దగ్గరి చుట్టమైన ఆఫ్రికా కోరి బస్టర్డ్ చూపును కొలిచినప్పుడు తేలింది, ఎగురుతూ తలను 25 డిగ్రీలు కిందికి వంచితే చాలు, ముందున్న దారి దానికి అస్సలు కనబడదు. కింద మేత కోసం, తోటి పిట్టల కోసం చూస్తూ పోయే పక్షికి ఎదురుగా తీగ ఉన్నట్టే తెలీదు. ఆఖరి క్షణంలో కనబడినా పది కిలోల ఒళ్లు గభాలున తిరగదు. తీగలకు తిరిగే బిళ్లలు వేలాడదీస్తే కొంత మేలు. గుడ్లు పెట్టే బీళ్ల దగ్గర తీగను భూమిలోకి దించడమే గట్టి పరిష్కారం. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న ప్రాంతం మనది. కరెంటు కావాలి, అందులో సందేహం లేదు. తీగ ఏ దారిన పోవాలో గీసేటప్పుడే బీళ్ల పటం పక్కన పెట్టుకోవాలని అడుగుతున్నాను. అట్లాగే బీడు ఖాళీగా ఉందని అందులో చెట్లు నాటకండి. ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన ఉన్న రోళ్లపాడు, పదుల కిలోమీటర్లు తిరిగే పిట్టకు ఒక గది మాత్రమే. చుట్టూ జొన్న, కొర్ర, ఆముదం మెట్ట సేద్యం ఉన్నన్నాళ్లు పొలాలు కూడా దానికి ఇల్లే. నీళ్లొచ్చి పంటలు మారాక ఆ ఇల్లు కుంచించుకుపోయింది. ఇప్పుడక్కడ బట్టమేక కనబడటం గగనమైంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, ఇ.కోలైని ఫ్రీజర్‌లో దాచి ముప్పై ఏళ్ల తర్వాత కూడా లేపొచ్చన్నారు. బట్టమేకను కూడా అట్లా దాచిపెట్టుకోలేమా?

మంచి ప్రశ్నమ్మా. గుడ్డును గడ్డకట్టించలేం. అంత పెద్ద పచ్చసొన కణం మంచు పలుకులకు తట్టుకోదు. మగపిట్ట వీర్యాన్ని దాచే ప్రయత్నం చేయొచ్చు, కోళ్లలో చేస్తున్నారు కూడా. కానీ అందులో ఒక లోటుంది. మనుషుల్లో మగవాడికి ఎక్స్, వై ఉన్నట్టు, పక్షుల్లో పెట్టకు జెడ్, డబ్ల్యూ ఉంటాయి. మగపిట్టకు రెండూ జెడ్‌లే. కాబట్టి వీర్యంలో డబ్ల్యూ క్రోమోజోమ్ ఉండదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ కూడా తల్లి నుంచే వస్తుంది. ఎన్ని గొట్టాల వీర్యం దాచినా ఆ రెండూ అందులోకి రావు. కోళ్లలో పిండం దశలోనే జననకణాల మూలాల్ని తీసి గడ్డకట్టించి, ఇంకో పిండంలో పెట్టి బతికించే పద్ధతి ఉంది. దానికి ఎన్నో పిండాలు ఖర్చు పెట్టాలి. బట్టమేకలో ఖర్చు పెట్టడానికి పిండాలు లేవు. డబ్ల్యూ, మైటోకాండ్రియా రెండూ భద్రంగా ఉన్న చోటు ఇప్పటికి ఒకటేనమ్మా, నేల మీద బతికి తిరుగుతున్న పెట్ట ఒళ్లు.